వాకబు చేసేవారికి బీమా అక్కర్లేదా?

ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీకి వ్యాపార బీమా అంటే ఒక్క పాలసీ కాదు. ఏజెన్సీ రాసిచ్చిన నివేదిక వల్ల ఎవరికైనా నష్టం కలిగితే ఆ పరిహారాన్నీ, కోర్టు ఖర్చులనూ భరించే వృత్తి బాధ్యత బీమా అందులో ముఖ్యమైనది. దీన్నే మార్కెట్లో ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అంటారు. బయటివారికి దెబ్బ తగిలినా, ఆస్తి పాడైనా చెల్లించే పబ్లిక్ లయబిలిటీ మరొకటి. ఎండనక వాననక రోడ్లమీద తిరిగే సిబ్బందికి ప్రమాద పరిహారం, ఆఫీసు సామానుకు అగ్ని ప్రమాద బీమా, కంప్యూటర్లలో ఉన్న సమాచారానికి సైబర్ బీమా వీటికి తోడు. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ నుంచి ప్యాట్నీ దాకా, ఇటు మారేడ్‌పల్లి, తార్నాక వైపు ఒక అద్దె గది, రెండు కంప్యూటర్లు, నలుగురైదుగురు కుర్రాళ్లతో నడిచే చిన్న ఏజెన్సీకి ఇన్ని ఎందుకని అడగడం మామూలే. బండి బీమా ఉంది కదా, అది చాలంటారు. ఆ బండి బీమా అయినా చట్టం కట్టించినదే.

ఈ వృత్తిలోనూ, దాని చుట్టుపక్కలా పాతుకుపోయిన అభిప్రాయానికి నాలుగు కాళ్లున్నాయి. లైసెన్సే లేని వృత్తికి బీమా ఏమిటన్నది మొదటిది. క్లయింట్ రాసిచ్చిన హామీపత్రం ఉండగా వేరే రక్షణ దేనికన్నది రెండోది. గుట్టుగా జరిగే పనిమీద కోర్టుకెక్కేవారెవరన్నది మూడోది. బీమా ఉంటే తప్పుడు పనులకు ధైర్యం పెరుగుతుందన్నది నాలుగోది. ఒకదానికొకటి పొసగకపోయినా నాలుగూ ఒకే నోట వినిపిస్తాయి. నాలుగూ తప్పే. రెండోదైతే తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

మొదటి వాదంలో నిజం ఉన్నది సగం. డిటెక్టివ్ ఏజెన్సీలకు దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం మనుషులకూ ఆస్తులకూ కాపలా కాసేవారికి వర్తిస్తుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడే గార్డును పంపే సంస్థకు లైసెన్సు కావాలి. అదే గేటు ఎదుట నిలబడి లోపల ఉన్నవారి రాకపోకలు రాసుకునే మనిషిని పంపే సంస్థకు అక్కర్లేదు. డిటెక్టివ్‌లకు లైసెన్సు పెట్టే బిల్లును 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు, చివరికి ఉపసంహరించుకున్నారు. అయితే లైసెన్సు లేనంత మాత్రాన బాధ్యత లేకుండా పోదు. పరువు నష్టానికీ, నిర్లక్ష్యానికీ, ఒప్పందం తప్పినందుకూ ఎవరైనా జవాబు చెప్పాల్సిందే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద డబ్బు తీసుకుని చేసే సేవలో లోపానికీ అంతే. లైసెన్సు ఉన్న వృత్తుల్లో తప్పు జరిగితే విచారించే మండళ్లు, ప్రవర్తనా నియమావళులు, ఎంతోకొంత కట్టడి ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు, బాధ్యత మాత్రం పూర్తిగా ఉంది. అలాంటి చోట బీమా అవసరం ఇంకా ఎక్కువ.

మన కుటుంబాలు లెక్కకు మించి స్థిరపడిన టెక్సాస్‌లో ఈ ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. అక్కడ దర్యాప్తు సంస్థకు లైసెన్సు ఇవ్వాలంటే బీమా చూపాలి. శరీరానికీ ఆస్తికీ కలిగే నష్టానికి ఘటనకు లక్ష డాలర్లు, వ్యక్తిగత హానికి ఘటనకు 50 వేలు, మొత్తం మీద 2 లక్షలకు తగ్గకూడదు. ఆ రెండో అంకె గమనించదగ్గది. ఆ పాలసీల భాషలో వ్యక్తిగత హాని అంటే దెబ్బలూ గాయాలూ కాదు. పరువుకూ స్వేచ్ఛకూ గోప్యతకూ కలిగే హాని. దర్యాప్తు చేసేవాడి చేతిలో దెబ్బతినేది ఎముకలకన్నా పేరే ఎక్కువని ఆ చట్టం రాసినవారు గుర్తించారు. డాలస్‌లో ఉన్న అబ్బాయి కోసం సికింద్రాబాద్‌లో అమ్మాయి గురించి వాకబు చేయించే కుటుంబం అక్కడ ఏజెన్సీని పెట్టుకుంటే బీమా ఉన్నవాడు దొరుకుతాడు. ఇక్కడ ఉంటుందో ఉండదో ఆ ఏజెన్సీ ఇష్టం.

ఇక హామీపత్రం. ఏజెన్సీ ఆఫీసులో అడ్వాన్సు తీసుకున్నాక, 100 రూపాయల స్టాంపు పేపరు మీద క్లయింట్ చేత సంతకం పెట్టిస్తారు. ఈ దర్యాప్తు వల్ల వచ్చే వ్యాజ్యాలు, నష్టపరిహారాలు, ఖర్చులు అన్నిటికీ తానే బాధ్యత వహిస్తానని అందులో ఉంటుంది. ఫైల్లో ఈ కాగితం పడ్డాక యజమాని గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపోతాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం తెరిచి చూస్తే మాత్రం ఆ నిద్ర పట్టదు.

ఆ చట్టం 223వ సెక్షన్ ఏజెంటుకు కొంత ఊరటనిస్తుంది: సద్భావంతో చేసిన పని వల్ల మూడో మనిషి హక్కుకు భంగం కలిగినా, పని అప్పగించినవాడు ఏజెంటుకు నష్టం పూడ్చాలి. వృత్తిలో అందరూ దీన్నే పట్టుకుంటారు. దాని కిందనే ఉన్న 224వ సెక్షన్ మరో మాట చెబుతుంది. నేరమయ్యే పనికి ఒకరిని నియమిస్తే, ఫలితాలన్నీ తానే భరిస్తానని ఎంత స్పష్టంగా రాసిచ్చినా ఆ హామీ చెల్లదు. దీనికి చట్టమే ఉదాహరణలు ఇచ్చింది. వాటిలో ఒకటి సరిగ్గా డిటెక్టివ్ కోసమే రాసినట్టుంటుంది. ఒకడు అడిగాడని పత్రిక యజమాని మూడో మనిషి పరువు తీసే రాత అచ్చువేస్తాడు. వచ్చే ఖర్చులూ నష్టపరిహారమూ తాను పెట్టుకుంటానని అడిగినవాడు ఒప్పుకుంటాడు. దావా పడి యజమాని పరిహారం కట్టాల్సి వస్తుంది. ఆ డబ్బు అడిగినవాడి దగ్గర వసూలు కాదని చట్టం తేల్చింది. అచ్చుయంత్రం బదులు కంప్యూటరు, పత్రిక బదులు సీల్డ్ కవరులో నివేదిక పెట్టి చూస్తే విషయం బోధపడుతుంది. పరువు నష్టం మన దేశంలో ఈనాటికీ నేరమే. ఆ నేర నిబంధన రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2016లో తీర్పిచ్చింది. అంటే ఏ ఆపద కోసం హామీపత్రం రాయించుకున్నారో ఆ ఆపదలోనే అది చిత్తు కాగితం కావచ్చు.

చెల్లే సందర్భంలోనైనా దాని బలం క్లయింట్ మీద ఆధారపడుతుంది. భార్యమీద అనుమానంతో వచ్చిన భర్త రేపు రాజీపడి, ఆ ఏజెన్సీ ఎవరో తనకు తెలియదంటాడు. కూతురి పెళ్లి అయిపోయాక తండ్రి ఫోనెత్తడు. క్లయింట్ జేబులోంచి రావాల్సిన డబ్బు మీద ఏజెన్సీ భవిష్యత్తును నిలబెట్టడం పక్కవాడి గొడుగు కింద వర్షాకాలమంతా గడుపుదామనుకోవడం లాంటిది.

కోర్టుకెక్కేవారెవరన్న మూడో ప్రశ్నకు జవాబు నివేదికలోనే ఉంది. మారేడ్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ అనుకుందాం. అబ్బాయి తరఫువారు పదిరోజుల గడువిచ్చి అమ్మాయి గురించి వాకబు చేయమన్నారు. ఏజెన్సీ కుర్రాడు ఎదురుగా చాయ్ బండి దగ్గర రెండు పూటలు నిలబడి, మూడోనాడు వాచ్‌మన్‌తో మాట కలుపుతాడు. "మూడో అంతస్తుల మేడమా? రాత్రి రెండింటికి వస్తది సార్. కార్ల దింపిపోతరు" అంటాడు వాచ్‌మన్. అందులో అబద్ధం లేదు. ఆ అమ్మాయి అమెరికా వేళల్లో పనిచేసే కంపెనీలో ఉద్యోగి. కంపెనీ క్యాబ్ దింపుతుంది. డ్రైవర్లు రోజుకొకరు మారుతుంటారు. నివేదికలో మాత్రం "అర్ధరాత్రి దాటాక వేర్వేరు కార్లలో వేర్వేరు మగవారితో వస్తున్నట్టు స్థానికుల కథనం" అని పడుతుంది. కుర్రాడు చూసింది ఇంత, విన్నది ఇంత, టైపు చేసినవాడు కలిపింది ఇంత. వీటి మధ్య తేడా చూడాల్సిన మూడో మనిషి ఆ చిన్న ఆఫీసులో లేడు.

సంబంధం తప్పిపోతుంది. ఎందుకని అడిగిన మధ్యవర్తికి అబ్బాయి మేనత్త ఆ వాక్యమే అప్పజెబుతుంది. తరువాత వచ్చే సంబంధాలకు ఆ మాట ముందుగా చేరిపోతుంది. ఇందులో అబ్బాయి తండ్రి సంతకం పెట్టాడు, ఏజెన్సీ సంతకం పెట్టింది. అమ్మాయి ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. తనమీద దర్యాప్తు జరిగిందని కూడా ఆమెకు తెలియదు. ఈ వృత్తిలో బీమా గురించి మాట్లాడేవారు క్లయింట్‌నీ ఏజెన్సీనీ లెక్కలోకి తీసుకుంటారు, ఆమెను తీసుకోరు. వృత్తి బాధ్యత బీమా ప్రధానంగా ఆమె కోసమే ఉండాలి. ఆమె దావా వేసి గెలిచినా, డిక్రీ చేతికొచ్చాక జప్తు చేయడానికి అద్దె గదీ రెండు పాత కంప్యూటర్లూ తప్ప ఏమీ లేకపోతే ఆ గెలుపుకు అర్థం లేదు. ఆ డిక్రీని డబ్బుగా మార్చగలిగేది పాలసీ.

ఇలాంటి నివేదికలకు చట్టంలోనే మినహాయింపు ఉందని కొందరు వాదిస్తారు. ఉన్నమాట నిజమే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో, పాత శిక్షాస్మృతి 499లో ఉన్నట్టే, ఎదుటివారి మేలు కోరి సద్భావంతో చేసిన హెచ్చరిక పరువు నష్టం కాదు. పెళ్లి సంబంధం గురించి అడిగినవారికి నిజాయితీగా చెప్పిన మాటకు ఈ రక్షణ దొరకవచ్చు. కానీ తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసిన పని సద్భావంతో చేసినట్టు కాదని అదే చట్టం నిర్వచించింది. వాచ్‌మన్ మాటను కంపెనీలో విచారించకుండా ఎక్కించినవాడు జాగ్రత్త పడ్డాడని రుజువు చేయడం ఎట్లా? నిజంగా జాగ్రత్త పడినవాడైనా అది కోర్టులో నిరూపించుకునేసరికి ఏళ్లు గడుస్తాయి. వాయిదాలకు తిరగాలి, వకీలు ఫీజు కట్టాలి. నిర్దోషికి కూడా నిర్దోషి అని తేలడానికి ఖర్చవుతుంది. పాలసీ షరతుల మేరకు ఆ ఖర్చు భరించడం వృత్తి బాధ్యత బీమాలో సగం ప్రయోజనం.

పాలసీ ఎంపికలో జరిగే పొరపాటు, అసలు తీసుకోకపోవడం కన్నా తక్కువదేమీ కాదు. జనరల్ బజార్‌లో బట్టల కొట్టుకు ఇచ్చినట్టే డిటెక్టివ్ ఏజెన్సీకీ బీమా ఏజెంటు ఒక పబ్లిక్ లయబిలిటీ పాలసీ అంటగడతాడు. మన మార్కెట్లో చాలాకాలంగా నడుస్తున్న ఆ పాలసీ నమూనాలో మినహాయింపుల పట్టిక చదివితే, రాతతో లేదా మాటతో కలిగిన పరువు నష్టం, అక్రమ నిర్బంధం, వాటివల్ల కలిగిన మానసిక క్షోభ వంటివాటికి చెల్లించబోమని ఉంటుంది. బట్టల కొట్టుకు దానివల్ల నష్టం లేదు. డిటెక్టివ్‌కు మాత్రం అసలు ప్రమాదాన్ని తీసేసి కొసరు చేతిలో పెట్టినట్టవుతుంది. ఆఫీసు మెట్లమీద క్లయింట్ జారిపడితే డబ్బు వస్తుంది. నివేదిక ఒకరి బతుకును జారవిడిస్తే రాదు. అందుకే కావాల్సింది ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ, అందులోనూ ఉద్దేశపూర్వకం కాని పరువు నష్టాన్ని చేర్చిన పొడిగింపు. అది అడిగి, రాయించి, చదివి తీసుకోవాలి. అడగనిదే ఎవరూ ఇవ్వరు.

ఈ పాలసీ నడిచే పద్ధతి కూడా వేరు. అగ్ని ప్రమాద బీమాలో మంట ఎప్పుడు అంటుకుందన్నది ముఖ్యం. ఇందులో దావా ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. జూన్‌లో నివేదిక ఇచ్చి, మార్చిలో పాలసీని పునరుద్ధరించకుండా వదిలేస్తే, మే నెలలో వచ్చిన లీగల్ నోటీసుకు బీమా పలకదు. పనిచేసిన రోజున పాలసీ అమల్లో ఉన్నా అంతే. రాతపూర్వక పరువు నష్టం మీద దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం ఏడాది గడువిస్తుంది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు. ఒప్పందం ఉల్లంఘనకు మూడేళ్లు. అంటే ప్రతి నివేదిక ఇచ్చినవాడి వెనక మూడేళ్లు నడుస్తుంది. పాలసీలో పాత పనులను ఏ తేదీ నుంచి కలుపుకుంటారో రాసే గడి ఒకటి ఉంటుంది. కంపెనీ మారినప్పుడు ఆ తేదీ ముందుకు జరిగితే వెనకటి నివేదికలన్నీ బయటపడిపోతాయి. ప్రీమియంలో వెయ్యి రూపాయలు తగ్గాయని సంబరపడేవారు ముందు ఆ గడి చూసుకోవాలి.

ప్రపోజల్ ఫారంలో వృత్తి దగ్గర "కన్సల్టెన్సీ" అని రాయడం ఇంకో ఆత్మవంచన. డిటెక్టివ్ అంటే ప్రీమియం పెంచుతారనో, అసలు ఇవ్వరనో భయం. బీమా ఒప్పందానికి ప్రాణం ఇరుపక్షాల పూర్తి నిజాయితీ. నిఘా పెడతారనీ, పెళ్లి వాకబు చేస్తారనీ, విశాఖలోనో చెన్నైలోనో పనిని బయటివారికి అప్పగిస్తారనీ దాచిపెట్టి తీసుకున్న పాలసీని, అవసరం వచ్చిన రోజున కంపెనీ రద్దు చేయగలదు. ఎదుటివారి బయోడేటాలో దాచిన విషయాలను వెలికితీయడం వృత్తిగా పెట్టుకున్నవారు తమ ఫారంలో అసలు విషయాన్ని దాచడం క్షమించదగ్గది కాదు. లైసెన్సు లేని వృత్తికి కంపెనీలు ఇవ్వవన్న సాకు కూడా నిలవదు. ప్రమాదాల క్లెయిములు, మరణాల క్లెయిములు నిజమో కాదో తేల్చుకోవడానికి ఆ కంపెనీలే ప్రైవేట్ దర్యాప్తుదారులను వాడుకుంటాయి. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. ఈ వృత్తికి సరిపడే నమూనా పాలసీ కావాలని ఏజెన్సీలు కలిసి అడగడానికి దూరాభారం కూడా లేదు.

నాలుగో అభ్యంతరం నీతికి సంబంధించింది కాబట్టి గౌరవంగా వినాలి. బీమా ఉంటే అడ్డదారులు తొక్కుతారని భయం. పాలసీ ఏది చెల్లించదో చూస్తే ఆ భయం నిలవదు. తెలిసి చేసిన నేరానికి ఏ పాలసీ చెల్లించదు, జరిమానాలకూ చెల్లించదు. 2018లో థానే పోలీసులు ఫోన్ కాల్ రికార్డుల అక్రమ కొనుగోళ్ల కేసులో ప్రైవేట్ డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. అలాంటి పనికి బీమా కాపలా ఉండదు, ఉండకూడదు. స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకం మీద నిఘా పెట్టే మగవాడు న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద వెంటాడిన నేరానికి దొరుకుతాడు. నేర పరిశోధనకు ప్రభుత్వం నియమించినవారికి ఉన్న మినహాయింపు ప్రైవేట్ ఏజెన్సీకి లేదు. భార్య ఫోన్ సంభాషణలను భర్త రహస్యంగా రికార్డు చేయడం చట్టవిరుద్ధమనీ, ఆమె గోప్యతకు భంగమనీ హైదరాబాద్‌లోని నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లోనే తేల్చింది. దంపతుల మధ్య సంభాషణ రికార్డును వైవాహిక కేసులో సాక్ష్యంగా చూడవచ్చని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పిన మాటను కొందరు తమకు లైసెన్సుగా చదువుకుంటున్నారు. ఆ తీర్పు దంపతులు తమలో తాము మాట్లాడుకున్నదాని గురించి. డబ్బు తీసుకుని మూడో ఇంట్లో పరికరం పెట్టేవాడి గురించి కాదు. సరైన బీమా ఉన్న ఏజెన్సీ ఈ గీతను రోజూ గుర్తుంచుకుంటుంది, ఎందుకంటే గీత దాటిన మరుక్షణం తన పాలసీ తనకు పనికిరాదు. బీమా లేనివాడికి గీతకు ఇవతలైనా అవతలైనా ఒకటే.

రోడ్డుమీది కుర్రాళ్ల సంగతి చెప్పుకోకపోతే ఈ చర్చ అన్యాయంగా మిగిలిపోతుంది. నిఘా పని చాలావరకు టూవీలర్ మీద జరుగుతుంది: ఒకడు నడుపుతాడు, వెనక కూర్చున్నవాడు ఫొటోలు తీస్తాడు. కారును వదలకుండా వెళ్లాలన్న తొందరలో తాడ్‌బండ్ చౌరస్తా దగ్గర సిగ్నల్ దాటేది వీళ్లే. బండి పాలసీతో వచ్చే 15 లక్షల తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా, లైసెన్సు ఉన్న యజమాని తానే నడిపినప్పుడు వర్తించేది. వెనక కెమెరా పట్టుకున్న కుర్రాడికి అది అందదు; ఏజెన్సీ బండిని నడిపే జీతగాడు బండి యజమానీ కాడు. ఈఎస్‌ఐ పదిమంది ఉద్యోగులున్న సంస్థలకు. అయిదుగురితో నడిచే ఆఫీసుకు తప్పనిసరి కాదు. పనిలో జరిగిన ప్రమాదానికి పరిహారం యజమాని బాధ్యతన్న సూత్రం 1923 నుంచి చట్టంలో ఉంది, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ కొనసాగింది. ఆ బాధ్యత ఏజెన్సీ జేబులోంచి తీరదు. ఉద్యోగుల పరిహార పాలసీ, గ్రూపు ప్రమాద బీమా తీసుకోకుండా కుర్రాణ్ణి కారు వెంట పంపడం అతని ప్రాణాన్ని పణంగా పెట్టడమే.

ఆఫీసు సామాను విషయం తేలిక. 2022 సెప్టెంబరులో రూబీ హోటల్, 2023 జనవరిలో రాంగోపాల్‌పేట డెక్కన్ మాల్, అదే ఏడాది మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్ తగలబడ్డాయి. రూబీలో 8 మంది, స్వప్నలోక్‌లో ఆరుగురు పోయారు. సికింద్రాబాద్‌లో కాంప్లెక్స్ గదిలో ఆఫీసు పెట్టినవారికి అగ్ని బీమా ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. 5 కోట్లలోపు ఆస్తులకు 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది.

కాలిపోయే కాగితం కన్నా దొంగల పాలయ్యే ఫైలు ప్రమాదం. ఏజెన్సీ లాప్‌టాప్‌లో వందల కుటుంబాల ఫొటోలు, చిరునామాలు, అనుమానాలు ఉంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లవచ్చు. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఆ జరిమానా సొమ్ము ప్రభుత్వ సంచిత నిధికి పోతుంది, ఫొటో బయటపడిన మనిషికి కాదు. లీకు ఎక్కడ జరిగిందో కనిపెట్టడానికీ, బాధితులకు తెలియజేయడానికీ, వారు వేసే దావాలను ఎదుర్కోవడానికీ అయ్యే ఖర్చును సైబర్ పాలసీ భరించగలదు. పని అయిపోయిన కేసుల ఫొటోలు చెరిపేసే అలవాటు ఉంటే ప్రీమియం మాట్లాడుకునేటప్పుడు చెప్పుకోవడానికి బలం ఉంటుంది.

ఖర్చు మాట మిగిలింది. ప్రీమియం, దానిమీద 18 శాతం జీఎస్‌టీ చిన్న ఆఫీసుకు భారమే. దాన్ని ఫీజులో కలిపి, బిల్లులో వేరే వరుసగా చూపించవచ్చు. బీమా ఉన్న ఏజెన్సీ కాస్త ఎక్కువ అడుగుతుందని క్లయింట్‌కు తెలియాలి. కూతురి పెళ్లికి లక్షలు పోసే ఇంట్లో, ఇంకొకరి కూతురి పేరు కాపాడే పాలసీకి కొన్ని వందలు ఇవ్వడానికి చెయ్యి రాకపోవడం పేదరికం వల్ల కాదు.

చివరిది ఏజెన్సీ మూసివేత. యజమాని వయసు మీదపడో, గిట్టుబాటు కాకో బోర్డు దించేస్తాడు; ఆ ఏడాది పాలసీ పునరుద్ధరించడు. దించిన నాటికి ఇచ్చిన నివేదికలు ఇంకా గడువులోనే ఉంటాయి. మూసిన తరువాత వచ్చే దావాలకు వర్తించేలా పొడిగింపు వ్యవధిని, పాలసీ ముగియకముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఒప్పందపు దావాకు ఉన్న గడువు మూడేళ్లు కాబట్టి ఆ పొడిగింపు కూడా మూడేళ్లకు తగ్గకూడదు.